నొప్పి ఎందరికి, వాపు ఎందరికి: కీళ్ల జబ్బుల లెక్కలపై ఒక సమీక్ష

కీళ్ల నొప్పి, కీళ్ల వాపు సాధారణ జనాభాలో ఎందరికి ఉన్నాయన్న ప్రశ్నకు వైద్య గ్రంథాలలో దొరికే సమాధానాలు పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనట్టే కనిపిస్తాయి. ఎముకలు, కండరాలు, కీళ్లకు సంబంధించిన ఏదో ఒక బాధతో ప్రపంచంలో సుమారు 171 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో వయోజనులలో ప్రతి ఐదుగురిలో ఒకరికి కీళ్ల జబ్బు ఉందని అక్కడి ప్రభుత్వ సర్వేలు లెక్కగడుతున్నాయి. పుణే దగ్గరి ఒక పల్లెలో ఇంటింటా విచారించి పరీక్షించిన వైద్యులకు మాత్రం కీళ్లను వాచేలా చేసి వంకర్లు తిప్పే కీళ్లవాతం రెండు వందల మంది పెద్దలలో ఒకరికి మాత్రమే కనిపించింది. ఈ అంకెలలో ఏదీ తప్పు కాదు. అడిగిన ప్రశ్నలే వేరు. నొప్పి జనంలో విస్తారంగా ఉంది, నిజమైన వాపు అరుదుగా ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిన లెక్క చూడడానికి ఎంత పెద్దదైనా వైద్యుడికి గానీ, ప్రభుత్వానికి గానీ, రోగికి గానీ పెద్దగా ఉపయోగపడదు.

ముందుగా ఈ రెండు లక్షణాల మధ్య తేడాను స్పష్టం చేసుకోవాలి. రెండు ఎముకలు కలిసే చోట వాటి చివరలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. జనం వాడుకలో దీన్నే గుజ్జు అంటున్నారు. కీలు చుట్టూ ఒక సంచిలాంటి తొడుగు, దాని లోపలి వైపున పలుచని పొర ఉంటాయి. ఆ పొర నుంచి ఊరే కొద్దిపాటి జిగురు ద్రవం కీలుకు కందెనగా పనిచేస్తుంది. మృదులాస్థిలో నరాలు లేవు కనుక అది అరిగినంత మాత్రాన నొప్పి తెలియదు. నొప్పి పుట్టేది ఎముక నుంచి, తొడుగు నుంచి, చుట్టూ ఉన్న స్నాయువుల నుంచి, కండరాల నుంచి. అందుకే మోకాలు నొప్పి అని చెప్పేవారిలో అసలు కీలుకు ఏ జబ్బూ లేనివారు కూడా ఉంటారు. వాపు సంగతి వేరు. లోపలి పొర మంటకు గురై దళసరెక్కినప్పుడు, లేదా ద్రవం ఎక్కువగా ఊరి కీలులో నిలిచినప్పుడు, అంటే ఇళ్లల్లో చెప్పుకునే మాటలో నీరు పట్టినప్పుడు, వేలితో నొక్కి చూసిన వైద్యుడికి అది మెత్తగా తగులుతుంది. అరుగుదల వల్ల ఎముక అంచులు పెరిగి కీలు లావెక్కితే అది గట్టిగా తగులుతుంది. రోగి కంటికి రెండూ వాపులే. వైద్యశాస్త్రం మాత్రం మొదటిదాన్నే ఆర్థ్రైటిస్ లక్షణంగా ఎంచి, వాపు లేని ఉత్త నొప్పిని ఆర్థ్రాల్జియా అనే వేరే పేరుతో పిలుస్తుంది.

ఈ తేడాను పట్టించుకోని ప్రశ్న ఎలాంటి అంకెను తెచ్చిపెడుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 2001లో అక్కడ టెలిఫోన్ ద్వారా జరిపిన పెద్ద సర్వేలో, గడిచిన పన్నెండు నెలల్లో ఏదైనా కీలులో గానీ దాని చుట్టుపక్కల గానీ నొప్పి, సలుపు, బిగుతు, వాపు కలిగాయా, కలిగితే కనీసం ఒక నెలపాటు చాలా రోజులు ఉన్నాయా అని అడిగారు. అవునన్నవారినీ, కీళ్ల జబ్బు ఉందని డాక్టరు తమకు చెప్పారన్నవారినీ కలిపి లెక్కవేస్తే దాదాపు 7 కోట్ల మంది తేలారు. అంటే వయోజనులలో మూడో వంతు. ఆ తరువాత డాక్టరు చెప్పిన జబ్బును ఒక లెక్కగా, కేవలం లక్షణాలను మరొక లెక్కగా విడదీశారు. కాలపరిమితిని ముప్పై రోజులకు కుదించారు. మెడ, నడుము నొప్పులను చేర్చవద్దని స్పష్టంగా చెప్పారు. లక్షణాల ప్రశ్నలో వాపు అన్న మాటే తీసేశారు. 2003–2005 మధ్య ఇళ్లకు వెళ్లి జరిపిన జాతీయ సర్వే ప్రకారం డాక్టరు నిర్ధారించిన కీళ్ల జబ్బు ఉన్నవారు 4.64 కోట్లు, అంటే 21.6 శాతం. సర్వే పద్ధతి కూడా మారింది కనుక ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం సరికాదు గానీ, నాలుగేళ్లలో రెండు కోట్ల మందికి పైగా అమెరికన్ల కీళ్లు బాగుపడలేదన్నది మాత్రం ఖాయం.

డాక్టరు చెప్పారా అన్న ప్రశ్నలోనూ ఒక చిక్కు ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్లగలిగినవారే దానికి అవునని చెప్పగలరు. మన దేశంలో 45 ఏళ్లు దాటినవారూ వారి జీవిత భాగస్వాములూ కలిపి 72 వేల మందికి పైగా జనాన్ని 2017–18లో పలకరించిన వార్ధక్య అధ్యయనం, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ చేపట్టినది, జబ్బుల విషయంలో ప్రధానంగా ఇలాంటి ప్రశ్న మీదే ఆధారపడింది. ఆసుపత్రులు దగ్గరగా ఉన్న రాష్ట్రాలలో, జిల్లాలలో ఇలాంటి లెక్క పెరగడానికి, లేనిచోట తగ్గడానికి అవకాశం ఉంది. ఒక ప్రాంతంలో కీళ్ల జబ్బు ఎక్కువ అన్న వార్త వెనుక అక్కడి డాక్టర్ల సంఖ్య ఎంత దాగి ఉందో విడదీసి చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు.

ఎక్స్‌రే అయితే మాటల తకరారు ఉండదని కొందరు భావించారు. బ్రిటన్‌కు చెందిన కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు 1957లో అరుగుదలను సున్నా నుంచి నాలుగు వరకు మెట్లుగా విభజించి ఇచ్చిన కొలమానం నేటికీ ప్రామాణికంగా నిలిచింది. దాన్ని వాడి అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 63 ఏళ్లు దాటినవారి మోకాళ్లను పరిశీలించి 1987లో ప్రకటించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది. కానీ ఎక్స్‌రేలో మార్పుతోపాటు నొప్పి కూడా ఉన్నవారు పదిమందిలో ఒకరికి మించలేదు. ఫిల్ము చూపించి గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని చెప్పినప్పుడు రోగి కుంగిపోవడం మన పట్టణాల ఆసుపత్రుల్లో రోజూ జరిగేదే. ఆ ఫిల్ములో కనిపించిన అరుగుదలే ఆ నొప్పికి కారణమన్న నిర్ధారణ మాత్రం ఫిల్ము ఒక్కదాని వల్ల రాదు. అంతే మార్పులతో హాయిగా నడిచేవారు ఉన్నారు. ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకుండానే మెట్లెక్కలేనివారూ ఉన్నారు.

భారతదేశంలో ఈ చిక్కులన్నిటినీ గమనించి లెక్కకు దిగిన ప్రయత్నం కాప్‌కార్డ్ అనే పేరుతో ప్రసిద్ధమైనది. వాతవ్యాధుల నియంత్రణకు సమాజం మీద దృష్టి నిలిపే ఈ కార్యక్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ వాతవైద్య సంఘాల సమాఖ్యతో కలిసి 1981లో రూపొందించింది. పేద దేశాలలో ఖరీదైన పరీక్షలు లేకుండానే నిజానికి దగ్గరగా వెళ్లడం దీని ఉద్దేశం. స్థానికంగా తర్ఫీదు పొందిన కార్యకర్తలు ముందు ఇంటింటికీ వెళ్లి నొప్పి ఉన్నవారిని గుర్తిస్తారు. గుర్తించినవారిని రెండో దశలో వివరంగా ప్రశ్నిస్తారు. మూడో దశలో వాతవైద్య నిపుణుడు స్వయంగా కీళ్లను నొక్కి చూస్తాడు. గడిచిన ఏడు రోజులలోని బాధను, అంతకుముందరి బాధను వేర్వేరుగా నమోదు చేస్తారు. మహారాష్ట్రలో పుణేకు సమీపంలోని భిగ్వణ్ గ్రామంలో అరవింద్ చోప్రా బృందం 1996లో మొదలుపెట్టిన సర్వే ఈ పద్ధతికి భారతదేశంలో మూలస్తంభం అనదగినది. 4,092 మంది పెద్దలను విచారించగా 18.2 శాతం మందికి ఎముకలు, కండరాలు, కీళ్లలో ఎక్కడో ఒకచోట నొప్పి ఉందని తేలింది. నిపుణుల పరీక్షలో అరుగుదల వల్ల వచ్చే ఆస్టియో ఆర్థ్రైటిస్ 5.8 శాతం మందిలో, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం, సుమారు అర శాతం మందిలో బయటపడింది.

ఈ వరుసను లక్ష మంది పెద్దలున్న ఒక పట్టణానికి అన్వయిస్తే పద్దెనిమిది వేల పైచిలుకు మందికి నొప్పి, దాదాపు ఆరు వేల మందికి అరుగుదల, అయిదు వందల మందికి కీళ్లవాతం అన్న అంచనా వస్తుంది. నొప్పి అని వచ్చిన ముప్పై ఆరుమందిలో ఒకరే కీళ్లవాతం ఉన్నవారు. మిగతావారిలో చాలామందిది మెడ, నడుము, భుజం కండరాల బాధ, లేదా ఏ ఒక్క జబ్బు పేరూ పూర్తిగా అతకని నొప్పి. పొలంలో వంగి నాట్లు వేసే, బరువులు మోసే, నీళ్ల బిందెలు ఎత్తే జనంలో ఇందులో వింతేమీ లేదు.

ఇతర భారతీయ సర్వేలు ఈ చిత్రాన్ని కొంత సవరిస్తాయి, కొట్టివేయవు. ఢిల్లీ సమీపంలోని గ్రామాలలో 44,551 మంది పెద్దలను పరిశీలించి మాలవీయ బృందం 1993లో ప్రకటించిన అధ్యయనంలో కీళ్లవాతం 0.75 శాతంగా తేలింది. తరువాత దేశంలోని అనేక చోట్ల జరిగిన కాప్‌కార్డ్ సర్వేలను కలిపి చూసినప్పుడు అది ఇంకా కొంత తగ్గింది. మోకాలి అరుగుదల విషయంలో మాత్రం అంతరం కొట్టొచ్చినట్టు ఉంది: అయిదు నగరాలు, వాటి చుట్టుపక్కల ప్రాంతాలలో అయిదు వేల మందిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనం 28.7 శాతం అని చెప్పింది. భిగ్వణ్‌లోని 5.8కీ దీనికీ మధ్య ఉన్న దూరాన్ని చూసి ఇరవై ఏళ్లలో మోకాళ్లు అయిదు రెట్లు చెడిపోయాయని అనుకోవడం పొరపాటు. ఎవరిని ఎంపిక చేశారు, వారి వయసెంత, ఎక్స్‌రే తీశారా, తీసింది ఎవరికి అన్నవి మారితే అంకె మారక తప్పదు.

వాపుతో కూడిన జబ్బుల లెక్కకు కావలసిన ఓర్పు ఇంకా ఎక్కువ. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో 1990లో మొదలైన కీళ్ల వాపు రిజిస్టరు నొప్పిని లెక్కలోకే తీసుకోలేదు. పదహారేళ్లు దాటినవారిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ కీళ్లు కనీసం నాలుగు వారాలపాటు వాచి ఉంటేనే పేరు రాసుకున్నారు. అక్కడ కీళ్లవాతం ఏటా కొత్తగా లక్ష మంది స్త్రీలలో 36 మందికి, లక్ష మంది పురుషులలో 14 మందికి వస్తోందని తేలింది. ఏడాదిలో కొత్తగా వచ్చే రేటు, ఒక సమయాన జనంలో ఉన్నవారి శాతం వేర్వేరు కొలతలు. కీళ్లవాతం ఒకసారి వస్తే దశాబ్దాల తరబడి ఉండిపోతుంది కనుక మొదటిది ఇంత చిన్నదైనా రెండోది అర శాతానికో ఒక శాతానికో చేరుతుంది. ప్రపంచమంతా కలిపి చూస్తే 2020లో ఆస్టియో ఆర్థ్రైటిస్ ఉన్నవారు 59.5 కోట్లని, కీళ్లవాతం ఉన్నవారు 1.76 కోట్లని ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసింది. కీళ్లవాతం రోగుల్లో స్త్రీల వాటా దాదాపు 70 శాతం. జాతుల మధ్య తేడాలు కూడా ఉన్నాయి: అమెరికాలోని పీమా ఆదివాసులలో ఒకప్పుడు అయిదు శాతం వరకు కనిపించిన ఈ జబ్బు, నైజీరియా పల్లెప్రాంతంలో సుమారు రెండు వేల మందిని వెతికినప్పుడు ఒక్కరిలోనూ కనిపించలేదు.

అరుదైన జబ్బును విస్తారమైన లక్షణంలో వెతకడం వల్ల వచ్చే నష్టం రక్తపరీక్షల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. కాస్త పెద్ద ఊళ్లలోని ల్యాబులన్నిటిలో దొరికే రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్ష కీళ్లవాతం ఉన్నవారిలో దాదాపు 70 శాతం మందికి, ఏ జబ్బూ లేనివారిలో కూడా సుమారు అయిదు శాతం మందికి పాజిటివ్ వస్తుంది. పైన చెప్పుకున్న లక్ష మంది పట్టణంలో అందరికీ ఈ పరీక్ష చేస్తే, జబ్బున్న అయిదు వందల మందిలో 350 మంది, లేనివారిలో దాదాపు అయిదు వేల మంది పాజిటివ్‌గా తేలతారు. అంటే చేతిలో పాజిటివ్ రిపోర్టు ఉన్న పదిహేనుమందిలో ఒకరికే నిజంగా జబ్బు ఉంటుంది. కీళ్లు వాచినవారికి మాత్రమే చేస్తే ఇదే పరీక్షకు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నొప్పి అన్న ప్రతివారికీ ఈ పరీక్ష రాసే అలవాటు మానుకోదగ్గది.

కీళ్లు వాచే తక్కిన జబ్బులలో గౌట్ ముఖ్యమైనది. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీలులో, తరచుగా కాలి బొటనవేలి మొదట్లో పేరుకుని రాత్రికి రాత్రే భరించలేని వాపును తెస్తాయి. అమెరికాలో 2007–08 సర్వే ప్రకారం ఇది వయోజనులలో 3.9 శాతం మందికి ఉంది. పిల్లలలో గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఒక కీలు నుంచి మరో కీలుకు మారుతూ వచ్చే వాపు రుమాటిక్ జ్వరం కావచ్చు. అందులో ప్రమాదం కీళ్లకు కాదు, గుండె కవాటాలకు. ఈ జ్వరాన్ని గుర్తించడానికి 1944 నుంచి వాడుకలో ఉన్న జోన్స్ ప్రమాణాలను 2015లో సవరించినప్పుడు, జబ్బు ఎక్కువగా ఉన్న దేశాలలో వాపు లేకుండా పలు కీళ్ల నొప్పి ఉన్నా దాన్ని ప్రధాన లక్షణంగానే తీసుకోవచ్చని చేర్చారు. నొప్పిని, వాపును వేరుచేయాలన్న సూత్రానికి ఇది న్యాయమైన మినహాయింపు.

తెలుగు ప్రాంతాల విషయానికి వస్తే, కీళ్ల నొప్పుల లెక్కను తలకిందులు చేయగల రెండు ప్రత్యేక కారణాలు ఇక్కడ ఉన్నాయి. మొదటిది చికున్‌గున్యా. 1952–53లో నేటి టాంజానియా ప్రాంతంలో మొదటిసారి గుర్తించిన ఈ దోమకాటు జ్వరం 1963లో కోల్‌కతాలోనూ, మరుసటి ఏడాది మద్రాసులోనూ, ఆ కాలంలోనే కోస్తా ఆంధ్ర పట్టణాలలోనూ చెలరేగింది. 1973లో మహారాష్ట్రలోని బార్శీ తరువాత మూడు దశాబ్దాలు కనుమరుగై, 2005 చివరిలో ఆంధ్రప్రదేశ్‌లో, అందునా రాయలసీమలో తిరిగి తలెత్తి, 2006లో దేశమంతటా పదమూడు లక్షలకు పైగా అనుమానిత కేసులకు కారణమైంది. జ్వరం వారంలో తగ్గినా చేతివేళ్లు, మణికట్లు, చీలమండలు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి పట్టేసి ఉంటాయి. కొందరిలో వాపు కీళ్లవాతాన్ని అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది. 2004లో అనంతపురం జిల్లాలో జరిగే సర్వేకు, 2006లో అదే ఊళ్లలో జరిగే సర్వేకు ఒకే సమాధానం రావడం అసాధ్యం. వ్యాప్తి అనేది ఒక ప్రాంతానికి శాశ్వతంగా అంటిన గుణం కాదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

రెండోది ఫ్లోరోసిస్. భారతదేశంలో ఈ జబ్బును మొట్టమొదట శాస్త్రీయంగా వర్ణించింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో. 1955లో నల్లగొండ జిల్లా రోగుల వర్ణన బ్రిటిష్ వైద్యపత్రికకు ఎక్కింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతపు యువకులలో మోకాళ్లు లోపలికి వంగి తగిలే వైకల్యాన్ని వెలుగులోకి తెచ్చారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక దట్టమవుతుంది, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు సున్నం పట్టి బిగుసుకుపోతాయి, మెడ తిప్పడం, నడుము వంచడం క్రమంగా కష్టమవుతాయి. మొదటి దశలో రోగి చెప్పే లక్షణాలు కీళ్ల నొప్పి, బిగుతు మాత్రమే కావడంతో, బావి నీటి గురించి అడగని, ముంజేతి ఎక్స్‌రే తీయని సర్వే అతన్ని అరుగుదల కింద, లేదా వెన్ను బిగుసుకుపోయే మరో వాతం కింద రాసేస్తుంది. నల్లగొండ గ్రామాలకు శుద్ధిచేసిన కృష్ణా నీరు అందాక కొత్త తరానికి ముప్పు తగ్గినా, బాల్యమంతా బోరునీరు తాగి పెరిగినవారి ఎముకలలో చేరినది అంత త్వరగా పోదు. వారు రాబోయే సర్వేలలో వృద్ధులుగా ఎదురవుతారు.

జీవనశైలి ప్రభావం గురించి చెప్పే మాటలలో ఊహ ఎక్కువ, ఆధారం తక్కువ. ఆధారం ఉన్న కొన్నిటిలో బీజింగ్ అధ్యయనం ఒకటి: అక్కడి అరవై దాటిన స్త్రీలలో మోకాలి అరుగుదల ఫ్రామింగ్‌హామ్ స్త్రీల కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా, తుంటి అరుగుదల మాత్రం చాలా తక్కువగా కనిపించింది, యవ్వనంలో రోజుకు గంటల తరబడి గొంతుకూర్చున్న అలవాటుకు మోకాలి జబ్బుతో సంబంధం తేలింది. నేల మీద కూర్చునే, గొంతుకూర్చుని పనిచేసే తెలుగు స్త్రీలకూ ఇది వర్తించవచ్చుననడం సబబే. వయసు పెరగడం, బరువు పెరగడం మాత్రమే కారణాలనుకునేవారికి 2017లో వెలువడిన అమెరికన్ అస్థిపంజరాల పరిశీలన ఒక హెచ్చరిక: వయసును, బరువును లెక్కలోంచి తీసేసినా, ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం నుంచి మోకాలి అరుగుదల రెట్టింపైనట్టు ఆ ఎముకలు చూపాయి.

లెక్కకు అందని బాధ కూడా తక్కువేమీ కాదు. బ్రిటన్, నెదర్లాండ్స్ వంటి ఉచిత, చవక వైద్యం ఉన్న దేశాలలోనే 55 ఏళ్లు దాటినవారిలో నాలుగో వంతు మంది ఏడాదిలో కొంతకాలం ఎడతెగని మోకాలి నొప్పిని అనుభవిస్తుండగా, వారిలో ఆరుగురిలో ఒకరే అందుకోసం డాక్టరును కలుస్తున్నారు. వయసు మీదపడ్డాక నొప్పులు రావా అని సరిపెట్టుకునే మన పల్లెలలో ఆ నిష్పత్తి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఆశించడం కష్టం. అందువల్ల తెలుగు రాష్ట్రాలలో ఇకమీదట ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తీసుకువెళ్లే ఏ ప్రశ్నావళిలోనైనా నొప్పికి ఒక గడి, వాపుకు మరొక గడి, పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపు పట్టేసి ఉంటున్నాయన్న ప్రశ్నకు ఇంకొకటి, తాగే నీటికి వేరొకటి ఉండాలి. వాపు గడిలో గుర్తు పడినవారిని నిపుణుడు చేతితో పరీక్షించాలి. నొప్పి ఉన్న వేలమందిలో ఎక్కువమందికి వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే నొప్పి మాత్ర, కాస్త ధైర్యం చెప్పే మాట సరిపోతాయి. వాపు ఉన్న కొద్దిమందికి అవి సరిపోవు. మందు ఆలస్యమైన కొద్దీ కీలు శాశ్వతంగా పాడవుతుంది. కీళ్ల వాపు కనిపించిన ఆరు వారాలలోపు రోగిని వాతవైద్య నిపుణుడు చూడాలని, కీళ్లు పాడయ్యే ముప్పు ఉన్నవారికి మూడు నెలలలోపు జబ్బును అదుపుచేసే మందు మొదలుకావాలని యూరప్ వాతవైద్యుల సంఘం సూచిస్తోంది. అందుకు మొదట వాడే మెథోట్రెక్సేట్ మన దేశంలో చవకగా దొరికే మందులలో ఒకటి.